లిగూరియా కొండలకు ఆదివారం బస్సు కావాలి

ఇటలీలోని లిగూరియా ప్రాంతపు రాజధాని జెనోవాలో ఈ ఏడాది చదువుకు చేరిన తెలుగబ్బాయి ఒకతను మొన్న అడిగాడు: "అక్కా, ఇక్కడ కొండల్లో నడవాలంటే కారు ఉండి తీరాలట కదా? మా ఇంటి యజమాని చెప్పాడు. లేనివాళ్లు బీచ్‌తో సరిపెట్టుకోవాలట." ఈ మాట నాకు కొత్త కాదు. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ఆఫీసులో, పక్క ఫ్లాటులో, చివరికి పర్వతాలంటే ప్రాణం పెట్టే స్నేహితుల నోట కూడా వింటూనే ఉన్నాను. దానిలో సగం అబద్ధం, సగం నిజం. అబద్ధమైన సగం గురించి చెప్పడం నాకు ఇష్టం. నిజమైన సగం తలచుకుంటే కోపం వస్తుంది. రెండూ కలిపి రాస్తే తప్ప ఆ అబ్బాయికి సరైన జవాబు చెప్పినట్టు కాదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. లిగూరియాలో నడవడానికి కారు కంటే రైలూ బస్సూ మేలు. ఖర్చు తగ్గుతుందనో, గాలి పాడు కాదనో మాత్రమే ఈ మాట అనడం లేదు. నడక నడకగా బాగుంటుంది కాబట్టి అంటున్నాను. అయితే తీరం వెంబడి ఇది ఎంత నిజమో, తీరాన్ని వదిలి లోపలి లోయల్లోకి పోయేకొద్దీ అంత నీరుగారిపోతుంది. దానికి తప్పు కొండలది కాదు, ఆదివారపు టైంటేబుల్‌ది.

బయలుదేరిన చోటికే తిరిగి రానక్కర్లేదు

లిగూరియా అంటే సముద్రానికీ పర్వతాలకీ మధ్య ఇరుక్కున్న సన్నని ప్రాంతం. మైదానం దాదాపు లేదు. కొన్నిచోట్ల నీళ్ల అంచున నిలబడి తలెత్తితే వెయ్యి మీటర్ల శిఖరం కనిపిస్తుంది. పడమట ఫ్రాన్స్ సరిహద్దులోని వెంతిమిల్యా నుంచి తూర్పున లా స్పేత్సియా దాకా తీరం పొడవునా రైలు మార్గం ఉంది. 1870లలో పూర్తయింది. కొండల కొసలు నేరుగా సముద్రంలోకి దిగే చోట సొరంగాలు తవ్వారు, రెండు సొరంగాల మధ్య దొరికిన కాస్త జాగాలో స్టేషన్ కట్టారు. అందుకే ఇక్కడ చిన్న చిన్న ఊళ్లకు కూడా స్టేషన్ ఉంటుంది.

ఆ రైలు రాకముందు ఈ ఊళ్ల మధ్య రాకపోకలు పడవ మీద, లేదంటే కొండ మీది బాట మీద. కంచర గాడిదల మీద ఉప్పు, నూనె, ద్రాక్షసారాయి మోసుకెళ్లిన దారులు అవి. ఈ రోజు మనం సరదాకు నడుస్తున్న బాటల్లో చాలావరకు ఒకప్పుడు ఆ ప్రాంతపు ప్రజా రవాణానే. రైలు కింద సొరంగంలో వెళుతుంది, బాట పైన కొండ దాటుతుంది, రెండూ ఒక ఊరి నుంచి ఇంకొక ఊరికే చేరుస్తాయి. ఇలాంటి అమరిక ఉన్నచోట కారు తెచ్చుకుంటే ఏమవుతుంది? ఎక్కడ ఆపామో అక్కడికే తిరిగి రావాలి. కొండ దాటి అవతలి ఊరు చూద్దామనిపించినా వెనక్కి తిరగాల్సిందే. రోజంతా మనసులో ఒక మూల కారు ఉంటుంది. ఆ కారు ఆపడానికి చోటు దొరకడం వేరే కథ. ఈ ఊళ్లలో రోడ్డు పక్క స్థలం చాలావరకు అక్కడివాళ్లకే కేటాయించి ఉంటుంది, మిగిలిన దానికి గంటల లెక్కన డబ్బు కట్టాలి.

మా పిన్నీ బాబాయీ ఇక్కడికి వచ్చినప్పుడు ఇది నాకు స్పష్టంగా తెలిసింది. పిన్నికి నడకంటే ఇష్టం. బాబాయికి మోకాళ్ల నొప్పులు. లేవాంతో నుంచి మొంతెరొస్సోకి పుంతా మెస్కో అనే కొండ కొస మీదుగా దారి ఉంది, తీరికగా నడిస్తే మూడు గంటలు పడుతుంది. అదే దూరానికి రైలుకు ఐదు నిమిషాలు. "నువ్వు పిన్నిని తీసుకుని కొండ మీద నుంచి రా అమ్మా, నేను రైల్లో వెళ్లి అవతల కూర్చుంటాను" అన్నాడు బాబాయి. పిన్నీ నేనూ పైన్ చెట్ల కింద నుంచి ఎక్కి, కొసన శిథిలమైన చిన్న మఠం దగ్గర ఆగాం. అక్కడి నుంచి చింక్వె తెర్రె అని పేరుపడ్డ ఐదు తీరపు ఊళ్లూ వరసగా కనిపిస్తాయి. దిగేసరికి బాబాయి మొంతెరొస్సో గట్టు మీద ఎవరో పెద్దాయనతో సైగలతో మాట్లాడుతున్నాడు. "అలిపిరి నుంచి కాలినడకన ఎక్కి, దర్శనం అయ్యాక ఆర్టీసీ బస్సులో దిగుతాం చూడు, ఇదీ అంతే" అన్నాడు సాయంత్రం. నిజమే. నడవగలిగినవాళ్లు నడుస్తారు, లేనివాళ్లు ఎక్కి కూర్చుంటారు, అందరూ ఒకే చోట కలుస్తారు. ముగ్గురం కారులో వెళ్లి ఉంటే బాబాయి లేవాంతోలో మూడు గంటలు కూర్చునేవాడు, మేము సగం దారి నుంచి వెనక్కి వచ్చేవాళ్లం.

ఇలా రెండు స్టేషన్ల మధ్య నడిచే దారులు ఈ తీరం మీద కావలసినన్ని ఉన్నాయి. సెస్త్రీ లేవాంతె నుంచి పుంతా మనారా చుట్టి రీవా త్రిగోసో, అక్కడి నుంచి పుంతా బఫ్ఫె మీదుగా మోనెల్యా. పడమటి వైపు అల్బెంగా నుంచి అలాస్సియోకి రోమన్ల కాలపు జూలియా అగుస్తా దారి. ఏ రెండు ఊళ్లు తీసుకున్నా ఉదయం ఒక ప్లాట్‌ఫాం మీద దిగి, సాయంత్రం మరో ప్లాట్‌ఫాం మీద ఎక్కవచ్చు. అలసిపోతే మధ్యలో ఏదో ఒక ఊరికి దిగిపోవచ్చు. వాన వస్తే నడక కుదించుకోవచ్చు. ఈ స్వేచ్ఛ కారుకు లేదు. అందరూ స్వేచ్ఛ అనగానే కారునే తలచుకుంటారు కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాలనిపించింది.

కమోల్యీ నుంచి పోర్తొఫీనో

ఒక్క దారి గురించే చెప్పమంటే ఇది చెబుతాను. జెనోవా నుంచి తూర్పుగా అరగంట, ముప్పావు గంటలో కమోల్యీ. స్టేషన్ దాటి కాస్త నడవగానే మెట్లు మొదలవుతాయి. ఆలివ్ తోటల మధ్య నుంచి సాన్ రొక్కో చర్చి దగ్గరకు చేరితే కింద అఖాతమంతా కనిపిస్తుంది. అక్కడ దారి చీలుతుంది. ఒకటి అడవిలో నుంచి పైకి, మరొకటి రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫిరంగి స్థావరాల మీదుగా, గొలుసులు పట్టుకుని దాటాల్సిన రాతి వాలు మీదుగా సముద్రం వైపుకు. రెండూ సాన్ ఫ్రుత్తువోసో మఠానికి చేరుస్తాయి. ఆ మఠానికి రోడ్డు లేదు. కాలినడకన రావాలి, లేకపోతే పడవలో. శతాబ్దాల పాటు దోరియా వంశం సమాధులకు నిలయమైన ఆ కట్టడాన్ని వారసులు 1983లో ఇటలీ వారసత్వ కట్టడాలను కాపాడే సంస్థకు ఇచ్చేశారు. మఠం ముందున్న నీళ్లలో, పదిహేడు మీటర్ల లోతున, 1954లో దించిన క్రీస్తు కంచు విగ్రహం ఉంది.

సాన్ ఫ్రుత్తువోసో నుంచి పోర్తొఫీనోకి మరో గంటన్నర, రెండు గంటలు. పోర్తొఫీనోకు రైలు లేదు. అక్కడి నుంచి శాంతా మార్గెరీతా స్టేషన్‌కు సిటీ బస్సు ఉంది. ప్రపంచంలోని ధనవంతులంతా ఓడలు కట్టేసే రేవు నుంచి, బురద బూట్లతో, పని ముగించుకుని ఇళ్లకు వెళుతున్న హోటల్ వంటవాళ్ల పక్కన నిలబడి ఆ బస్సులో రావడం నాకు చాలా ఇష్టం.

2018 అక్టోబరు చివరి తుఫానుకు శాంతా మార్గెరీతా, పోర్తొఫీనోల మధ్య ఉన్న ఆ ఒక్క రోడ్డూ సముద్రంలోకి కొట్టుకుపోయింది. కొన్ని నెలల పాటు పోర్తొఫీనో జనానికి రెండే దిక్కులు మిగిలాయి: పడవ, అడవిలోని పాత బాట. సముద్రం పోటెత్తిన రోజున పడవ కూడా లేదు. మనం ఆదివారం కాలక్షేపానికి నడిచే దారే ఆ రోజుల్లో ఊరి ప్రాణాధారం. కాలిబాటలంటే విహారయాత్రికుల సరుకు అని మాట్లాడేవాళ్లను చూస్తే నాకు ఆ శీతాకాలం గుర్తుకొస్తుంది.

నగరం నడిబొడ్డు నుంచి

జెనోవా గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఈ నగరంలో కొండకు వెళ్లడానికి నగరం దాటాల్సిన పని లేదు. పాత బస్తీ అంచున ఉన్న త్సెక్కా నుంచి తాడు లాగే కొండ రైలు ఎక్కితే కొద్ది నిమిషాల్లో కొండ మీది రీగీలో దించుతుంది. 1890ల నాటి రైలు అది. మామూలు సిటీ రవాణాలో భాగం, స్కూలు పిల్లలూ సంచులు మోసే అవ్వలూ రోజూ ఎక్కేది. రీగీ నుంచి పదిహేడో శతాబ్దపు కోట గోడ వెంబడి నడిస్తే కస్తెల్లచ్చో, స్పెరోనె కోటలు, ఆ తర్వాత చెట్లు లేని గడ్డి వెన్ను మీద పువిన్ కోట, చివరికి 667 మీటర్ల ఎత్తున ఒంటరిగా నిలబడ్డ దియమాంతె కోట. ఒక పక్క ఓడరేవు క్రేన్లు, మరో పక్క అపెన్నైన్ పర్వతాల మంచు. దిగేటప్పుడు అవతలి వాలులోని త్రెన్సాస్కో స్టేషన్‌కు దిగి, కసెల్లా నుంచి వచ్చే చిన్న రైలు పట్టుకుని నగరానికి రావచ్చు. రావచ్చు అంటున్నాను గానీ, 1929లో మొదలైన ఆ మీటర్ గేజ్ మార్గం ఈ మధ్య కాలంలో మరమ్మతుల పేరిట ఏళ్ల తరబడి మూతపడుతూ వస్తోంది. ఇరవై నాలుగు కిలోమీటర్ల ఆ మార్గం జెనోవాను దాని కొండలతో కలిపే దారం. అది నడవని ఏడాది ఆ లోయలోని బాటలు ఎంత బోసిపోతాయో దాని పక్కన నడిచినవాళ్లకు తెలుస్తుంది. అయినా బయలుదేరే ముందు ఆ వారం రైలు నడుస్తోందో లేదో చూసుకుంటే రీగీ నడకకు తిరుగు లేదు.

పడమట అరెంత్సానో స్టేషన్‌లో దిగితే బేయిగువా జియోపార్కు మొదలు. సముద్ర మట్టం నుంచి బయలుదేరి 1,082 మీటర్ల ఆర్జెంతేయా శిఖరం ఎక్కి, అదే రోజు మళ్లీ రైలెక్కవచ్చు. మార్చిలో ఆఫ్రికా నుంచి తిరిగొచ్చే పాముల గద్దలు ఈ వాలుల మీదుగానే వెళతాయి, దుర్భిణులు మెళ్లో వేసుకున్న జనం అదే రైల్లో వస్తారు. నగరం వెనకే, అక్కీ వైపు వెళ్లే రైలు మార్గంలో అక్వసాంతా అనే చిన్న స్టేషన్ ఉంది. అక్కడి నుంచి 1,001 మీటర్ల పుంతా మార్తిన్‌కు రాళ్ల మీద నుంచి కఠినమైన ఎక్కుడు. సరైన బూట్లు, ఎండిన వాతావరణం లేకుండా అటు వెళ్లకూడదు. దారి తప్పకుండా చూసుకోవడానికి ఈ ప్రాంతంలో రాళ్ల మీదా చెట్ల మీదా ఎర్ర రంగు గుర్తులు వేసి ఉంటాయి: రెండు చుక్కలు, త్రికోణం, అడ్డగీత, చతురస్రం. ఒక్కో దారికి ఒక్కో గుర్తు. స్వచ్ఛందంగా నడక సంఘాలవాళ్లు డబ్బా, కుంచె పట్టుకుని వచ్చి వేసే గుర్తులు అవి.

మరి చింక్వె తెర్రెలో ఆ జనం?

ఇక్కడ ఎవరైనా అడ్డుతగలాలి. "రైలు ఉంటే బాట బతుకుతుందన్నావు. చింక్వె తెర్రెను రైలే ముంచుతోంది కదా?" అని. మా టీములో ఒకామె ఇదే అడిగింది, ఆమె పుట్టింది ఆ పక్కనే ఉన్న ఊళ్లో. మే నెలలో మనరోలా ప్లాట్‌ఫాం మీద నిలబడ్డవాళ్లెవరూ ఆమె మాటను కొట్టిపారేయలేరు. రైలు తలుపు తెరిస్తే లోపలివాళ్లు దిగడానికే చోటుండదు. అక్కడ పుట్టి పెరిగినవాళ్లు లా స్పేత్సియా ఆసుపత్రికి వెళ్లాలన్నా ఆ గుంపులోనే తోసుకోవాలి.

నేను చాలా కాలం దీనికి జవాబు దొరక్క ఆలోచించాను. ఇప్పటికీ పూర్తి జవాబు ఉందనడం లేదు. కానీ ఒకటి గమనించాను. ఆ జనం రైలు తెచ్చిన జనమే, బాట తెచ్చిన జనం కాదు. చాలామంది ఐదు స్టేషన్లలో దిగి, రేవు దాకా నడిచి, ఫొటో తీసుకుని, మళ్లీ రైలెక్కుతారు. మనరోలా నుంచి బస్సులో వొలాస్త్రాకు ఎక్కి, అక్కడి నుంచి ద్రాక్ష తోటల అంచున కోర్నీల్యాకు నడిస్తే జనం ఎంత పలచబడతారో ఆశ్చర్యం వేస్తుంది. ఆ దారికి పక్కనే, చేతికందే ఎత్తులో, సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలు. ఆ గోడలు కట్టే విద్యను 2018లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది. ఆ తోటలు దున్నేవాళ్లు తగ్గి, గోడలు కూలుతున్నాయి. గోడ కూలితే మట్టి జారుతుంది. 2011 అక్టోబరు 25న వెర్నాత్సా, మొంతెరొస్సో వీధుల్లో మొదటి అంతస్తు ఎత్తున బురద నిండిన రోజు ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. మరుసటి ఏడాది సెప్టెంబరులో రియోమజ్జోరె, మనరోలాల మధ్య ఉన్న వీయా దెల్లమోరె బాట మీద రాళ్లు పడి నలుగురు గాయపడ్డారు. కిలోమీటరు కూడా లేని ఆ బాటను మళ్లీ మొత్తంగా తెరవడానికి 2024 వేసవి దాకా పట్టింది.

నాకు కనిపించే చిక్కు జనం ఎక్కువ కావడం ఒక్కటే కాదు, జనమంతా ఐదు స్టేషన్లకే వెళ్లడం. ప్రకటనలన్నీ ఆ ఐదింటివే. వేసవిలో వాటి మధ్య నిమిషాల వ్యవధిలో రైళ్లు నడుస్తాయి, చిన్న దూరానికి మామూలు కంటే ఎన్నో రెట్లు టికెట్ పెట్టి మరీ. ఆ ఒక్క చోట వచ్చిన డబ్బులో కొంతైనా పెట్టి, నలభై కిలోమీటర్ల అవతల ఉన్న లోయకు ఆదివారం ఒక బస్సు వేస్తే? ఈ ప్రశ్న అడగ్గానే మా టీములో ఆమె ముఖం మారింది. "మా అమ్మమ్మ ఊరు అలాంటి లోయలోనే ఉంది" అంది.

ఆదివారం గడి ఖాళీ

లోపలి లోయల సంగతి ఇప్పుడు చెప్పాలి, ఇంటి యజమాని మాటలో నిజమైన సగం ఇదే కాబట్టి.

లిగూరియా బస్సు టైంటేబుల్ చదవడం ఒక విద్య. ప్రతి బస్సు పక్కన చిన్న గుర్తు ఉంటుంది: సోమవారం నుంచి శనివారం దాకా నడిచేది, స్కూళ్లు ఉన్న రోజుల్లోనే నడిచేది, స్కూళ్లు లేని రోజుల్లో నడిచేది, ఆదివారాలూ పండుగలూ నడిచేది. కొండ ఊళ్లకు వెళ్లే బస్సుల్లో ఎక్కువ భాగం స్కూలు పిల్లల కోసం ఏర్పడ్డవి. పొద్దున పిల్లల్ని లోయలోకి దించి, మధ్యాహ్నం పైకి తీసుకెళతాయి. నడిచేవాడికి కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం: పొద్దున పైకి, సాయంత్రం కిందికి. కావలసిన రోజూ వేరే, ఆదివారం. ఆ గడిలో కొన్ని లోయలకు ఏమీ ఉండదు, కొన్నింటికి ఒకటో రెండో ఉంటాయి.

ఫలితం ఏమిటంటే, ప్రాంతంలోకెల్లా గొప్ప కొండలు బస్సు మనిషికి అందవు. లిగూరియా, ఫ్రాన్స్‌ల సరిహద్దులో 1930లలో సైనికులు రాతి గోడను తొలిచి వేసిన ఆల్పీనీ బాట ఉంది, తొరాజ్జో శిఖరం పక్కన. బస్సు పిగ్నా దాకా వస్తుంది, అసలు బాట ఇంకా ఎన్నో గంటల ఎక్కుడు దూరాన ఉంటుంది. ప్రాంతమంతటినీ వెన్ను మీదుగా దాటించే ఆల్తా వీయా బాట వెంతిమిల్యా నుంచి తూర్పు కొస దాకా సుమారు 440 కిలోమీటర్లు. దాని గురించి రంగురంగుల మ్యాపులు, బోర్డులు ఉన్నాయి. దాని మజిలీల్లో చాలావాటికి మాత్రం ఆదివారం బస్సులో చేరే దారి లేదు.

జెనోవా వెనుక కొండల్లోకి వెళ్లే బస్సులో ఒక శనివారం నా పక్కన ఎనభై దాటిన అవ్వ కూర్చుంది. ఒళ్లో మందుల సంచి. నా బూట్లు చూసి ఎక్కడికని అడిగింది. అంతోలా శిఖరానికి అన్నాను. చిన్నప్పుడు వాళ్లు రాత్రి బయలుదేరి అక్కడ సూర్యోదయం చూసేవాళ్లట. తర్వాత తనే చెప్పింది: "ఆదివారం నేను ఎక్కడికీ వెళ్లను. బస్సు లేదు. కూతురు కారేసుకుని వస్తే సరే, రాకపోతే ఇంట్లోనే." డ్రైవర్ అద్దంలోంచి మా ఇద్దరినీ చూస్తూ, నన్ను ఉద్దేశించి చివరి బస్సు ఎన్నింటికో చెప్పాడు, మళ్లీ ఇంకోసారి చెప్పాడు. నేను దిగేటప్పుడు తలకు టోపీ పెట్టుకోమని అవ్వ హెచ్చరించింది.

ఆ సంభాషణ తర్వాత నా ఆలోచన ఒక చోట కుదురుకుంది. అప్పటిదాకా నన్ను ఒక సందేహం వేధిస్తూ ఉండేది. ప్రజల పన్నులతో నడిచే బస్సును నాబోటి వాళ్ల సెలవు సరదా కోసం అడగడం న్యాయమా? ఊళ్లో వాళ్లకు రోజూ కావలసిన బస్సులే సరిపోనప్పుడు, నగరంలో జీతం తీసుకునే నేను ఆదివారం బస్సు కోసం గొంతెత్తడం ఏమిటి? ఈ సందేహంలో బరువుంది. కానీ అవ్వకు ఆదివారం లేని బస్సూ నాకు ఆదివారం లేని బస్సూ ఒకటే. ఆమె కిందికి రావాలి, నేను పైకి వెళ్లాలి. ఒకరి కోసం వేసిన బస్సు రెండో వైపు ఖాళీగా తిరగాల్సిన అవసరం లేదు.

ఇటలీ ప్రభుత్వమే "లోపలి ప్రాంతాలు" అని ఒక విభజన చేసింది. ఒక ఊరు ఎంత వెనకబడిందో కొలవడానికి హైస్కూలు, ఆసుపత్రి, వాటితో పాటు రైల్వే స్టేషన్ ఉన్న పట్టణం నుంచి ఆ ఊరు ఎంత దూరమో చూస్తుంది. లిగూరియాలో ఆ పథకానికి మొదట ఎంచుకున్నది అంతోలా–తిగూల్లియో ప్రాంతాన్నే. దూరమే జబ్బు అని ప్రభుత్వం గుర్తించిందన్నమాట. అలాంటప్పుడు బస్సు మందు అవుతుంది, కానుక కాదు.

"ఎక్కేవాళ్లు లేరు" అన్న జవాబు

లెక్కల మనుషులు ఒకటే చెబుతారు: ఆదివారం బస్సు వేసి చూశాం, ఎవరూ ఎక్కలేదు. ఇది కొన్నిచోట్ల నిజమే అయి ఉండవచ్చు. నేను కూడా నలుగురమే ఉన్న బస్సుల్లో వెళ్లాను. డ్రైవర్ జీతం, డీజిల్, మలుపుల రోడ్డు మీద అరిగే బ్రేకులు, ఇవన్నీ నిజమైన ఖర్చులు. కానీ బస్సు ఎలా వేశారన్నది కూడా చూడాలి. రైలు వచ్చాక ఐదు నిమిషాలకు బయలుదేరాల్సిన బస్సు, రైలు రావడానికి ఐదు నిమిషాల ముందు వెళ్లిపోతే ఎవరు ఎక్కుతారు? టికెట్లు అమ్మే పొగాకు దుకాణం ఆదివారం మూసి ఉంటే కొత్తవాడు ఏం చేస్తాడు? లిగూరియాలో తీరం రైలు ఒకరిది, బస్సులు జిల్లాకొకరివి. ఒక జిల్లా బస్సు దిగి కొండ దాటి ఇంకో జిల్లాలో బస్సెక్కాలంటే రెండు టైంటేబుళ్లు పక్కపక్కన పెట్టుకుని మనమే కలుపుకోవాలి. వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి అవి మారతాయి.

ఇదే దేశంలో దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. దక్షిణ టిరోల్‌లో మెరానో నుంచి మాలెస్‌కు వెళ్లే వెనోస్తా లోయ రైలును 1990లో నష్టాల పేరుతో మూసేశారు. 2005లో స్థానిక ప్రభుత్వమే పూనుకుని మళ్లీ తెరిచింది. స్టేషన్ బయట బస్సు రైలు కోసం ఆగి ఉంటుంది. పక్క లోయల్లోకి ఆదివారాలూ బస్సులు నడుస్తాయి. అక్కడ బస చేసే అతిథులకు హోటలే రవాణా పాసు ఇస్తుంది. మళ్లీ తెరిచాక ఆ రైలు కిటకిటలాడింది. దక్షిణ టిరోల్ డబ్బున్న స్వయంపాలిత రాష్ట్రం, దానితో లిగూరియాను పోల్చకూడదని మా స్నేహితులు అంటారు. డబ్బు విషయంలో ఆ మాట సరైనదే. కానీ రైలు వచ్చేదాకా బస్సును ఆపి ఉంచడానికి కావలసింది డబ్బు కంటే ముందు ఇద్దరు అధికారులు ఒక బల్ల దగ్గర కూర్చోవడం.

చివరి బస్సు తప్పిపోతుందన్న భయం గురించి కూడా అడుగుతారు. అది ఉట్టి భయం కాదు. కొండ మీద ఆలస్యమయ్యే కారణాలు వంద. చలికాలంలో ఐదింటికే చీకటి పడుతుంది. అందుకే నేను లోపలి లోయలకు వెళితే చివరి బస్సును లెక్కలోకి తీసుకోను, దానికి ముందుదాన్ని లక్ష్యంగా పెట్టుకుంటాను. ముందుది లేని చోటికి ఒంటరిగా వెళ్లను. పసిపిల్లలున్నవాళ్లకు, తెల్లవారకముందే శిఖరం చేరాలనుకునేవాళ్లకు బస్సు చాలదని ఒప్పుకుంటాను. వాళ్లకు కారు ఉండనివ్వండి. నేను అడుగుతున్నది కారు లేనివాళ్లకు కూడా దారి ఉండాలని మాత్రమే. ఇక్కడి విద్యార్థుల్లో, వృద్ధుల్లో, మనలాంటి వలస వచ్చినవాళ్లలో కారు లేనివాళ్లు కొద్దిమంది కాదు.

ప్రాంతీయ ప్రభుత్వానికి చెప్పగలిగితే నేను ఇది చెబుతాను. కొత్త బోర్డులు ఆపండి, కొత్త యాప్ వద్దు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా, తొర్రీల్యా, సాంతో స్తేఫనో దావెతో, త్రియోరా, పిగ్నా వంటి ఊళ్లకు ఆదివారం ఉదయం తీరపు స్టేషన్ నుంచి ఒక బస్సు, సాయంత్రం రెండు బస్సులు. రెండు అని ఎందుకంటే మొదటిది తప్పినా రెండోది ఉందన్న ధైర్యం ఉంటేనే జనం వెళతారు. రైలు టికెట్టే బస్సుకూ చెల్లాలి. ఒక్క వేసవి కాదు, కనీసం మూడు నాలుగేళ్లు నడపాలి. ఒక బస్సు ఉందని జనానికి తెలిసి, నమ్మకం కుదిరి, అలవాటుగా మారడానికి అంత కాలం పడుతుంది.

ఆ అబ్బాయికి మాత్రం ఇంత కథ చెప్పలేదు. వచ్చే ఆదివారం త్సెక్కా దగ్గర రీగీ రైలెక్కమన్నాను, దియమాంతె దాకా నడవమన్నాను, కసెల్లా రైలు నడవకపోతే వచ్చిన దారినే దిగమన్నాను. ఆ తర్వాతి ఆదివారానికి కమోల్యీ. అంతోలాకు ఎప్పుడని అడిగాడు. శనివారం సెలవు దొరికినప్పుడు నేనూ వస్తానని చెప్పాను.